అస్థికలను నేలలో కలపాలంటే పావు సెంటు చాలు

మూడో రోజు సంచయనానికి వెళ్లి, చితి మీద పాలూ నీళ్లూ చల్లి, ఎముకలు ఏరి కొత్త కుండలోకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టాక ఇంట్లోవాళ్ల ముందుకొచ్చే ప్రశ్న ఒకటే: ఎక్కడ కలుపుదాం? నెల్లూరువాళ్లు పెన్న అంటారు. ఒంగోలువాళ్లు కొత్తపట్నం సముద్రమో, గుండ్లకమ్మో అంటారు. మార్కాపురం, గిద్దలూరు వైపువాళ్లకు శ్రీశైలం దగ్గర. ఓపిక ఉన్నవాళ్లు కాశీదాకా పోతారు.

పారే నీళ్లున్నంతకాలం ఈ ఏర్పాటులో చిక్కేమీ లేదు. కానీ పైన సోమశిల జలాశయం నుంచి వదిలితే తప్ప ఎండాకాలంలో పెన్న పారదు. ఇసుక తవ్విన గుంటల్లో మోకాటిలోతు నీళ్లు నిలుస్తాయి. అందులో పోసిన బూడిద ఎక్కడికీ కొట్టుకుపోదు. గుంట అడుగున మడ్డిలా కూర్చుంటుంది. పక్కనే అంతకుముందు వచ్చినవాళ్లు వదిలేసిన కుండపెంకులు, పూలదండలు, ప్లాస్టిక్ సంచులు ఉంటాయి. కన్నవాళ్లను అలాంటిచోట వదిలి రావడానికి మనసొప్పక, ఇంకేదైనా దారి ఉందా అని అడిగేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు.

రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, అస్థికలను గోడలో కట్టిన చిన్న చిన్న గూళ్లలో భద్రపరచడం. విదేశాల్లో దీన్ని కొలంబేరియం అంటారు. లాటిన్‌లో ఆ మాటకు పావురాల గూడు అని అర్థం. రోమన్ల కాలం నాటి పద్ధతి అది. రెండోది, బూడిదను నేలలో కలిపేయడం. మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాతావరణానికి, భూములకు, అలవాట్లకు రెండోదే నప్పుతుందని మా అభిప్రాయం. అయితే దాన్ని పద్ధతిగా చెయ్యాలి. పద్ధతి తప్పితే ఏమవుతుందో కూడా ఇక్కడే చెబుతాం.

ముందు మనసులోని సందేహం తీరాలి. నదిలో కలపకపోతే గతులు లేవంటారు కదా అని పెద్దవాళ్లు అడుగుతారు. గరుడ పురాణం గంగను చెప్పిన మాట నిజమే. కానీ అంతకన్నా పాతదైన ఆశ్వలాయన గృహ్యసూత్రంలో అస్థి సంచయనం చెప్పిన చోట, ఎముకలను కుంభంలోకి ఎత్తి గుంటలో పెట్టమని ఉంది. నలువైపుల నుంచీ నీళ్లు వచ్చి చేరని చోట, వాన నీళ్లు తప్ప వేరేవి రాని చోట ఆ గుంట తియ్యాలి. అప్పుడు చదవాల్సింది ఋగ్వేదం పదో మండలంలోని 'ఉప సర్ప మాతరం భూమిం' అనే ఋక్కు. తల్లి అయిన ఈ భూమి దగ్గరికి చేరు అని దాని భావం. అంటే నేల మనకు కొత్తదేమీ కాదు. ఇక దహనం కాక ఖననం చేసే కులాలు మన పల్లెల్లో చాలానే ఉన్నాయి. సొంత చేలో, గట్టు పక్కన తాతముత్తాతల సమాధులున్న కుటుంబాలు ఉదయగిరి నుంచి కందుకూరు దాకా ఏ ఊళ్లో అడిగినా కనిపిస్తాయి.

జవహర్‌లాల్ నెహ్రూ 1954లో రాసిన వీలునామాలో, తన చితాభస్మంలో ఒక్క పిడికెడు అలహాబాదులో గంగలో కలిపి, మిగతా దాంట్లో ఎక్కువ భాగం విమానంలోంచి రైతులు చెమటోడ్చే పొలాల మీద చల్లమన్నారు. 1964లో ఆయన పోయాక అలాగే చేశారు. కొంత నీటికి, కొంత నేలకు అనే ఆ పద్ధతి మన ఇళ్లల్లో కూడా గొడవలు తీర్చగలదు. అన్న గోదావరి అంటే, తమ్ముడు పొలం అంటే, కుండలోని దాన్ని రెండు చెయ్యడంలో తప్పు లేదు.

క్రైస్తవ కుటుంబాల సంగతి వేరు. ఖననమే ఎక్కువైనా, దహనం ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. కేథలిక్ సభ 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం బూడిదను గాలిలోగానీ, నేల మీదగానీ, నీళ్లలోగానీ చల్లకూడదు. పవిత్ర స్థలంలో ఉంచాలి. 2023 డిసెంబరులో ఇంకొంచెం వెసులుబాటు ఇచ్చి, పలువురి బూడిదను ఒకేచోట కలిపి ఉంచే పవిత్ర స్థలం ఏర్పాటు చేసుకోవచ్చన్నారు. కాబట్టి వాళ్లకు గూళ్లు గానీ, సమాధుల తోటలో పూడ్చడం గానీ మిగిలే దారులు. ముందుగా ఫాదర్‌గారిని అడగడం మేలు.

కుండలో ఉన్నది ఏమిటి

అందరూ బూడిద అంటారు గానీ, కుండలో రెండు వేరు వేరు పదార్థాలు ఉంటాయి. ఒకటి ఎముకల భాగం, రెండోది కట్టెల బూడిద. గ్యాస్ లేదా విద్యుత్ దహనవాటికలో చేస్తే కట్టెల బూడిద ఉండదు. పెద్దవాళ్ల విషయంలో 2 నుంచి 3 కిలోలు, అంటే సుమారు మూడు లీటర్ల అస్థికలు చేతికొస్తాయి. కట్టెల చితి అయితే 300 నుంచి 500 కిలోల కట్టె కాలుతుంది. అందులోంచే నాలుగు నుంచి ఎనిమిది కిలోల బూడిద మిగులుతుంది. మనవాళ్లు దాంట్లోంచి ఏరిన ఎముకలు, గుప్పెడు బూడిద మాత్రమే ఎత్తుకుంటారు.

కాలిన ఎముక దాదాపు అంతా కాల్షియం ఫాస్ఫేటే. సేంద్రియ పదార్థం కాలిపోయింది, నత్రజని పోయింది, సూక్ష్మజీవి ఏదీ మిగల్లేదు. అందుకే అది కుళ్లదు, వాసన రాదు, రోగం అంటించదు. పది రోజుల్లో కలపాలన్నది ఆచారం చెప్పే గడువే గానీ, పదార్థం పాడవుతుందని కాదు. అమెరికాలో ఉన్న కొడుకు వచ్చేదాకా ఆరు నెలలు ఉంచినా ఏమీ కాదు. తడి తగలకుండా చూసుకుంటే చాలు.

చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది క్షారం. ఈ బూడిద పీహెచ్ 11, 12 దాకా ఉంటుంది. అంటే తడిసున్నంతో సమానం. రెండోది ఉప్పు. అస్థికల్లో సుమారు ఒక శాతం సోడియం ఉంటుంది. రెండున్నర కిలోల్లో ఉన్న సోడియం, దాదాపు 65 గ్రాముల తినే ఉప్పులో ఉండే సోడియానికి సమానం. ఒక సెంటు నేలకు చారెడు ఉప్పు లెక్కే కాదు. అదే చారెడు ఉప్పును పూలకుండీలో పోస్తే మొక్క బతకదు. నేలలో అస్థికలు కలపడం గురించి తెలియాల్సిన విషయం దాదాపు ఇంతే. మిగతా జాగ్రత్తలన్నీ దీన్నుంచే వస్తాయి.

మన ఇళ్లల్లో పొయ్యిబూడిదను బీర, సొర పాదులకు చల్లే అలవాటు ఉంది. అందుకే ఇదీ మంచి ఎరువే కదా అనుకుంటారు. పొయ్యిబూడిదలో ఉన్నది పొటాష్, అదీ పిడికెడు చల్లుతాం. కాలిన ఎముకలోని భాస్వరం మొక్కకు అందే రూపంలో ఉండదు. మన నేలల్లాగా క్షారం వైపు మొగ్గే భూముల్లో అది ఏళ్లతరబడి అలాగే పడి ఉంటుంది. కాబట్టి నాన్న బూడిదతో చెట్టు ఏపుగా పెరుగుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. చెట్టుకు హాని జరగకుండా చూసుకోవడమే మన పని.

పావు సెంటు లెక్క

ఒక సెంటు అంటే 40 చదరపు మీటర్లు. పావు సెంటు అంటే 10. రెండున్నర కిలోల అస్థికల పొడిని పావు సెంటులో సమంగా పరిస్తే, ఆ పొర మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని పై నాలుగంగుళాల మట్టిలో కలిపితే, దాదాపు టన్నున్నర మట్టిలో రెండున్నర కిలోలు చేరినట్టు. అంటే వెయ్యికి రెండు పాళ్లు కూడా కాదు. ఆ మోతాదులో ఏ నేలకూ ఇబ్బంది లేదు. అదే బూడిదను పది కిలోల మట్టి పట్టే కుండీలో కలిపితే మట్టిలో ఐదో వంతు బూడిదే అవుతుంది. ఆకు అంచులు మాడి, నెల తిరక్కుండానే మొక్క పోతుంది. పోయింది మొక్కే అయినా, ఆ ఇంట్లోవాళ్లకు అది రెండోసారి పోగొట్టుకున్నట్టు ఉంటుంది. జ్ఞాపకంగా కుండీలో తులసి పెడదామని బూడిద కలిపేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

కట్టెల బూడిదంతా కూడా ఎత్తుకొచ్చి ఉంటే, అప్పుడు పావు సెంటు సరిపోదు. ఒక సెంటు కావాలి.

పని మొదలుపెట్టేముందు

కుండలో ఉన్నదాన్ని పాత నూలుపంచె మీద పోసి, నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. సంచయనం రోజు పాలూ నీళ్లూ పోసినందువల్ల తడి ఉంటుంది. ఆ తడితోనే మూతపెట్టి ఉంచితే బూడిదలోని సున్నం గాలి సోకి రాయిలా గట్టిపడుతుంది. నెల తర్వాత కుండ తెరిచి, గడ్డ కట్టిందేమిటని కంగారుపడేవాళ్లకు కారణం ఇదే.

ఆరాక చేట మీద పోసి పరిశీలించండి. మేకులు, తీగముక్కలు, కాసులు, గాజుపెంకులు ఏరేయండి. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి పైపైన తిప్పితే ఇనుపముక్కలు అన్నీ వచ్చేస్తాయి. ఎముకల రంగు చూడండి. తెల్లగా, సుద్దముక్కలా ఉంటే పూర్తిగా కాలినట్టు. బూడిదరంగు, నీలిరంగు కలిసి ఉంటే మధ్యరకం. నల్లగా ఉంటే వేడి చాల్లేదని, లోపల ఇంకా సేంద్రియ పదార్థం మిగిలిందని అర్థం. కట్టెల చితిలో వేడి అంతటా ఒకేలా ఉండదు. వానాకాలంలో, తడి కట్టెలతో చేసినప్పుడు నల్లముక్కలు ఎక్కువ వస్తాయి. వీటిని పైపైన చల్లితే కుక్కలు, నక్కలు తవ్వుతాయి. నల్లముక్కలను వేరు చేసి రెండడుగుల లోతు గుంటలో వేసి, పైన మట్టి దట్టించి, రాళ్లు పేర్చాలి. తెల్లముక్కలకు ఆ భయం లేదు.

తెల్లముక్కలను మందపాటి గుడ్డలో మూటగట్టి చెక్కసుత్తితో మెల్లగా అదిమితే పొడి అవుతుంది. విదేశాల్లో దీనికి యంత్రం ఉంటుంది, దహనవాటికవాళ్లే పొడి చేసి ఇస్తారు. ఇక్కడ మనమే చేసుకోవాలి. ఇది చెయ్యడానికి చేతులు రానివాళ్లు ఉంటారు, అది సహజం. ఇంట్లో అంత దగ్గర కాని బంధువుకో, కాటికాపరికో అప్పగించండి. మీరే చేసి తీరాలని ఏమీ లేదు. ముక్కులకు గుడ్డ కట్టుకోవాలి, ఆ ధూళి పీల్చకూడదు. పొడి చెయ్యడానికి ఎవరికీ ఇష్టం లేకపోతే, చల్లడం మానేసి పూడ్చడమే మంచిది.

ఏ నేల, ఏ రోజు

సొంత పట్టా భూమి అయితే సందేహం లేదు. పంచాయతీ, మునిసిపల్ నిబంధనలు పట్టించుకునేది శవాన్ని కాల్చే, పూడ్చే స్థలాలను. అయినా పంచాయతీ కార్యదర్శి చెవిన ఒక మాట వేస్తే తర్వాత ఎవరూ వేలెత్తి చూపరు. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, రిజర్వు ఫారెస్టు వద్దు. ఉమ్మడి ఆస్తి అయితే భాగస్తులందరి అంగీకారం ఉండాలి. పొలం అమ్మకానికి పెట్టే ఆలోచన ఉంటే ఆ పొలం వద్దే వద్దు. కౌలుకు ఇచ్చి ఉంటే కౌలుదారుకి ముందే చెప్పండి. శ్మశానం బూడిద చేలో పడితే అరిష్టమని నమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్ల మనసు కష్టపెట్టి చెయ్యాల్సిన పని కాదిది. అనుమానాస్పద మరణమై కేసు నడుస్తుంటే, అది తేలేదాకా అస్థికలను కదిలించకండి. మరణ నమోదుకు 21 రోజుల గడువు, దానికి దహనవాటిక ఇచ్చిన రసీదు కావాల్సి వస్తుంది. కాబట్టి ఆ పని ముందు ముగించుకోండి.

బావికీ, బోరుకీ కనీసం వంద అడుగుల దూరం ఉండాలి. వాననీళ్లు నిలిచే పల్లం పనికిరాదు. ఏటి ఒడ్డున ఇసుకదిబ్బ అందంగా కనిపిస్తుంది గానీ, 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద లాంటిది ఒక్కటి వస్తే ఆ దిబ్బే ఉండదు.

ఇక మట్టి. తీరం వెంట ఇసుకనేలలో ఉప్పు ఒక్క వానకే కిందికి దిగిపోతుంది. అన్నిటికన్నా సులువైన నేల అదే. కనిగిరి, ఉదయగిరి వైపు ఎర్రనేల కూడా నీరు ఇంకే నేలే. కాకపోతే ఎండాకాలంలో గడ్డపార దిగదు. ముందురోజు తడిపి ఉంచాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడితోనే జాగ్రత్త. అది ఉప్పును పట్టి ఉంచుతుంది, పైగా చాలాచోట్ల ఆ నేలే క్షారం. అక్కడ పావు సెంటుకు రెండు కిలోల జిప్సం, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు కలపండి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి విడదీసి, నీళ్లతో కిందికి దిగేలా చేస్తుంది. బూడిదకు సున్నం మాత్రం ఎప్పుడూ తోడు చెయ్యకండి. శవాన్ని పూడ్చేచోట సున్నం, ఉప్పు వేసే అలవాటును ఇక్కడికి తీసుకురావద్దు.

మన జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెప్టెంబరు చివర కలిపితే ఆ వానలే ఉప్పును దించేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మరణం జరిగితే, కుండను పొడిచోట ఉంచి వానలదాకా ఆగడం మేలు. ఆగలేకపోతే, కలిపాక పది పన్నెండు బిందెల నీళ్లు మెల్లగా పోయండి, వారం తర్వాత మళ్లీ ఒకసారి.

వేళ తెల్లవారుజామున. తీరం దగ్గర పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. మెట్టలో వేసవి పడమటి గాలి సంగతి చెప్పనక్కర్లేదు. నిలబడి గుప్పెళ్లతో గాలిలోకి విసరడం సినిమాల్లో చూసి నేర్చుకున్నది. మెత్తటి పొడి చల్లినవాళ్ల ముఖాన, బట్టల మీద పడుతుంది. అది ఎవరూ మరిచిపోలేని బాధ అవుతుంది.

నువ్వులు చల్లే రైతుకు తెలిసిన కిటుకు ఇక్కడ పనికొస్తుంది. నువ్వులు సమంగా పడాలని ఇసుకలో కలిపి చల్లుతారు కదా, అలాగే ఒక పాలు బూడిదకు మూడు పాళ్లు కొంచెం చెమ్మ ఉన్న ఇసుక కలపండి. ఎగరదు, ఒకేచోట పోగవదు. కలిపిన వెంటనే చల్లాలి, ఉంచితే గడ్డ కడుతుంది. పావు సెంటును తాడుతో నాలుగు భాగాలు చేసి, ఇసుక మిశ్రమాన్నీ నాలుగు తట్టల్లో పోసుకుంటే, ఇంట్లోవాళ్లు తలా ఒక భాగం తీసుకోవచ్చు. గాలికి వీపు పెట్టి, వంగి, మోకాలి ఎత్తునుంచి చల్లండి. ఆ వెంటనే పారతో నాలుగంగుళాల లోతు తిరగెయ్యండి. పైన తెల్లటి చారలు మిగిలాయంటే సరిగా కలవలేదని గుర్తు.

పూడ్చాలనుకుంటే రెండడుగుల గుంట తీసి, కుండ లేకుండా వదులుగా పోసి, మట్టితో కలుపుతూ నింపండి. నూలుగుడ్డలో పెట్టినా పర్లేదు. కాల్చిన కుండతో సహా పూడిస్తే అది మట్టిలో కలవదు. వేల ఏళ్ల నాటి కుండపెంకులు తవ్వకాల్లో దొరుకుతున్నాయంటే అందుకే. స్టీలు, రాగి, ప్లాస్టిక్ మాట చెప్పనే అక్కర్లేదు.

చెట్టు నాటాలనుకుంటే, నాటే గుంటలో బూడిద వెయ్యకండి. మామూలు ఎరువుమట్టితో మొక్క నాటి, దానికి నాలుగడుగుల అవతల నుంచి మొదలుపెట్టి బూడిద కలపండి. వేళ్లు అక్కడికి చేరేసరికి ఒక వానాకాలం గడిచి ఉప్పు దిగిపోతుంది. వేప, కానుగ, చింత క్షారానికి తట్టుకుంటాయి. తీరంలో కొబ్బరి, సరుగుడు సరే. నిమ్మ, చీనీ మాత్రం వద్దు, ఉప్పంటే వాటికి అసలు పడదు. నిమ్మతోటలు ఎక్కువున్న గూడూరు, పొదలకూరు వైపు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గూళ్లలో ఉన్న సుఖం

గూళ్లను తీసిపారెయ్యలేం. వాటికి ఒక గొప్ప సుగుణం ఉంది. సంవత్సరీకం నాడు వెళ్లి నిలబడటానికి ఒక చోటు ఉంటుంది, పేరు ఉంటుంది. మనసు మారితే అస్థికలు వెనక్కి తీసుకోవచ్చు. నేలలో కలిపాక వెనక్కి తీసుకోవడం లేదు.

కానీ గూడు అంటే ఎవరో ఒకరు ఎప్పటికీ చూసుకోవాల్సిన కట్టడం. ఉప్పుగాలికి కాంక్రీటులో ఇనుము తుప్పుపట్టి గోడ పగులుతుంది. మూడో తరానికి తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. స్థలం లేక ఈ దారిపట్టిన హాంకాంగ్‌లో ప్రభుత్వ గూటి కోసం ఏళ్లతరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. సింగపూర్ 2021లో చువా చు కాంగ్ శ్మశానంలో గార్డెన్ ఆఫ్ పీస్ అనే తోటను తెరిచి, అందులో బూడిదను నేలలో కలిపే ఏర్పాటు చేసింది. జపాన్‌లో 1999 నుంచి చెట్ల కింద అస్థికలు పూడ్చే గుడితోటలు ఉన్నాయి. అడుగు నేలకు కరువైన దేశాలే మట్టి వైపు తిరిగినప్పుడు, ఇంత మెట్ట ఉన్న మనం గూళ్లు కట్టడం అవసరమా అనిపిస్తుంది. పొలం లేని పట్నంవాళ్ల కోసం నెల్లూరు బోడిగాడితోట లాంటి రుద్రభూముల పక్కనే ఒక పది సెంట్లు కంచె వేసి, మట్టి సిద్ధం చేసి ఇస్తే, నలభై కుటుంబాలకు తలా పావు సెంటు వస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక అదే నేలను మళ్లీ వాడుకోవచ్చు. గూటిగోడకు ఆ వీలు లేదు.

చోటు కావాలన్న కోరిక తీరడానికి ఒక రాయి సరిపోతుంది. చీమకుర్తి గ్రానైటు కోతల్లో మిగిలే చిన్న పలక గానీ, మార్కాపురం పలకరాయి గానీ తీసుకుని పేరు, తేదీలు చెక్కించండి. సర్వే నంబరు, ఏ గట్టుకు ఎన్ని అడుగుల దూరమో కొలిచి కాగితం మీద రాసి, మరణ ధ్రువీకరణ పత్రంతో పాటు ఉంచండి. తర్వాతి తరం వెతుక్కోవడానికి ఫోన్లో తీసిన ఫొటో కన్నా అదే ఆధారం. రాయిని అదే రోజు పాతొద్దు. తిరగేసిన మట్టి వానలకు రెండు మూడు అంగుళాలు కుంగుతుంది, దాంతోపాటు రాయీ ఒరుగుతుంది. పుష్యం నాటికి వానలు ఆగి నేల గట్టిపడుతుంది. అప్పుడు అడుగు లోతు తవ్వి, కింద గులకరాళ్లు వేసి నిలబెట్టండి.